రోగి దేహం, బంధువు సంతకం

తెలుగునాట ఏ ఊరి ఆసుపత్రిలోనైనా ఆపరేషన్‌కు ముందు నర్సు వరండాలోకి వచ్చి వేసే మొదటి ప్రశ్న “పేషెంటు తాలూకు ఎవరు?” అన్నదే. మంచం మీద ఉన్న మనిషికి తెలివి ఉన్నా, చదువు వచ్చినా, కాగితం మాత్రం భర్త చేతికో కొడుకు చేతికో వెళుతుంది, సంతకం అయిపోయిన తరువాత ఆ సంగతి రోగికి తెలిస్తే తెలుస్తుంది, లేకుంటే లేదు. ఈ అలవాటును కుటుంబ బంధాల బలానికి గుర్తుగా చెప్పుకోవడం పరిపాటి. అందులో నిజం లేకపోలేదు గాని, దాని వెనుక నూటయాభై ఏళ్ళకు పైబడిన చట్టాల చరిత్ర కూడా ఉంది. వైద్యుడు చెప్పిన విషయాన్ని అర్థం చేసుకుని, దాని పర్యవసానాలను గ్రహించి, తన నిర్ణయాన్ని ఏదో ఒక రీతిలో తెలియజేయగలగడాన్ని నిర్ణయ సామర్థ్యం అంటారు. ఆ సామర్థ్యం ఉన్న మనిషి తన జబ్బు గురించీ, చికిత్స వల్ల కలిగే మేలు, ముప్పుల గురించీ తెలుసుకున్నాక ఎవరి ఒత్తిడీ లేకుండా ఒప్పుకోవడాన్ని ఎరుకతో కూడిన సమ్మతి అంటారు. భారతీయ చట్టంలో ఈ రెండింటిలో మొదటిది ఆస్తి తగాదాల నుంచి వచ్చింది, రెండవది వైద్యుడిని శిక్ష నుంచి కాపాడవలసిన అవసరం నుంచి వచ్చింది. రోగి ఇష్టాయిష్టాల కోసమని ఈ రెండింటినీ ఒక్కచోటికి చేర్చిన చట్టం 2017 దాకా రాలేదు.

ఆంగ్లేయుల కాలానికి ముందు వైద్యులు అనుమతి అడిగేవారు కారని దీని అర్థం కాదు. చరక సంహిత చికిత్సాస్థానంలో ఉదర రోగాలను గురించి చెప్పే అధ్యాయంలో, మందులకు లొంగని దశకు చేరిన రోగికి విషప్రయోగం వంటి ప్రాణాంతక చికిత్స చేయవలసి వచ్చినప్పుడు వైద్యుడు ఏం చేయాలో స్పష్టమైన విధి ఉంది: చికిత్స మానితే చావు తప్పదనీ, చేస్తే బతకడం సందేహమేననీ దాచకుండా చెప్పి, అనుమతి తీసుకున్న తరువాతనే పూనుకోవాలి. ముప్పును ముందుగా వెల్లడించాలన్న ఈ నియమం, ఆ కాలానికి చెందిన వైద్యగ్రంథంలో ఉండడం ఆశ్చర్యం కలిగించేంత ఆధునికంగా కనిపిస్తుంది. అయితే ఎవరి అనుమతి తీసుకోవాలన్న దగ్గర గ్రంథం ఇచ్చే జాబితాలో జ్ఞాతులు, మిత్రులు, భార్య, బ్రాహ్మణులు, రాజు, గురువులు ఉన్నారు. రోగి మాత్రం లేడు. సుశ్రుత సంహిత కూడా గర్భంలో అడ్డం తిరిగిన శిశువును శస్త్రంతో తీసే పనికి ముందు ప్రభువు అనుమతి అడగాలని చెబుతుంది. ప్రాచీనుల వైద్యనీతిని పొగిడే వ్యాసాలు చరకుడి నియమంలోని మొదటి సగాన్ని మాత్రమే ఉదహరించి ఊరుకుంటాయి. వైద్యుడికి అపవాదు రాకుండా చూడడమే ఈ నియమాల తక్షణ ప్రయోజనం అనుకోవాలి, ఎందుకంటే రోగి చనిపోతే వైద్యుడిని నిలదీయగలవారి పేర్లే ఆ జాబితా నిండా ఉన్నాయి.

మెకాలే ముసాయిదా నుంచి రూపుదిద్దుకుని 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత శిక్షాస్మృతి ఇదే ప్రయోజనాన్ని పూర్తిగా వేరే భాషలో సాధించింది. కత్తితో మనిషి ఒంటిని కోయడం చట్టం దృష్టిలో గాయపరచడమే గనుక, శస్త్రవైద్యుడు నేరస్థుడు కాకుండా ఉండాలంటే అతనికి ఒక మినహాయింపు కావాలి. ఆ మినహాయింపే 88వ సెక్షన్: చంపాలన్న ఉద్దేశం లేకుండా, సద్బుద్ధితో, ఎదుటి మనిషి మేలు కోరి, అతని సమ్మతితో చేసిన పని ప్రాణహాని కలిగించినా నేరం కాదు. దాని తరువాతి 89వ సెక్షన్ పన్నెండేళ్ళలోపు పిల్లలనూ, మతిస్థిమితం లేనివారినీ ఒకే గాటన కట్టి, వారి తరఫున సంరక్షకుడి సమ్మతి చాలునంటుంది. మూత్రాశయంలో రాయి తీయించడానికి బిడ్డను అతని ఇష్టంతో నిమిత్తం లేకుండా తండ్రి శస్త్రవైద్యుడికి అప్పగించడం అక్కడ ఇచ్చిన ఉదాహరణ. సమ్మతి అడగడానికే వీలులేని స్థితి కోసం 92వ సెక్షన్ ఉంది, దాని కింద గుర్రం మీద నుంచి పడి స్పృహ తప్పిన మనిషి పుర్రెకు చిల్లు వేసే వైద్యుడు, పులి ఈడ్చుకుపోతున్న మనిషిని కాపాడబోయి తుపాకి పేల్చేవాడు పక్కపక్కనే ఉదాహరణలుగా నిలిచారు. ఈ సెక్షన్లన్నిటి మధ్యా 90వ సెక్షన్ ఒక్కటే సమ్మతి నాణ్యతను గురించి మాట్లాడుతుంది: భయంతోనో పొరబాటు అభిప్రాయంతోనో ఇచ్చినది, మతిస్థిమితం లేకనో మత్తులో ఉండో తాను దేనికి ఒప్పుకుంటున్నాడో దాని స్వభావం, పర్యవసానం తెలియనివాడు ఇచ్చినది సమ్మతి కాదు. నిర్ణయ సామర్థ్యానికి భారతీయ శిక్షాచట్టం ఇచ్చిన తొలి నిర్వచనం అదే అనవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ఈ సెక్షన్లకు అంకెలు మార్చి, దాదాపు అవే మాటలతో ఉంచుకుంది. వీటిలో ఏదీ రోగికి హక్కును ఇవ్వదు; వైద్యుడికి రక్షణ ఇస్తుంది. ఆసుపత్రి సమ్మతి పత్రానికి ఆపరేషన్ తరువాత ఏదైనా జరిగితే మాది పూచీ కాదు అన్న ధోరణి నేటికీ వదలకపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

నిర్ణయ సామర్థ్యం కథ వేరు. సిపాయిల తిరుగుబాటు తరువాత పాలన కంపెనీ చేతి నుంచి రాణి చేతికి మారిన 1858లోనే మతిస్థిమితం లేనివారిని గురించి మూడు చట్టాలు వెంటవెంటనే వచ్చాయి. వాటిలో 34వ చట్టం ప్రెసిడెన్సీ పట్టణాల సుప్రీం కోర్టులకు, 35వ చట్టం మొఫసిల్ జిల్లా కోర్టులకు సంబంధించినవి. ఆ రెండింటి ముఖ్య చింత ఎస్టేటు గురించే. జమీందారుకు మతి చెడిందని దాయాదులు అర్జీ పెడితే, జడ్జి విచారణ జరిపి, అతను తన వ్యవహారాలు చూసుకోగలడా లేడా అని తేల్చి, ఆస్తికి ఒక నిర్వాహకుడిని, మనిషికి ఒక సంరక్షకుడిని నియమించేవాడు. 36వ చట్టం ఉన్మాద శరణాలయాలకు సంబంధించినది. దాని చింత వీధుల్లో తిరిగేవారి గురించి, ప్రమాదకరంగా ఉన్నారని పోలీసులు పట్టి తెచ్చేవారి గురించి. ఆస్తి ఉన్నవాడి విషయంలో వ్యవహారం నడపగలడా అని, లేనివాడి విషయంలో ఎదుటివారికి హాని చేస్తాడా అని అడిగిన ఈ చట్టాలు, ఇద్దరిలో ఎవరినీ నీకు ఈ చికిత్స ఇష్టమేనా అని అడగలేదు. నిజానికి ఆనాటి శరణాలయాల్లో అడగదగినంత చికిత్స కూడా లేదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 12వ సెక్షన్ దగ్గర ఆగి చూడవలసిన విచిత్రం ఒకటి ఉంది. ఒప్పందం చేసుకునే సమయానికి దానిని అర్థం చేసుకుని, తన లాభనష్టాలను హేతుబద్ధంగా బేరీజు వేసుకోగలిగినవాడు స్థిరచిత్తుడని ఆ సెక్షన్ అంటుంది. శరణాలయంలో ఉన్న రోగి అయినా మధ్యమధ్య తెలివిగా ఉండే వేళల్లో ఒప్పందం చేసుకోవచ్చునని ఉదాహరణ కూడా ఇస్తుంది. సామర్థ్యం మనిషికి శాశ్వతంగా అంటుకున్న గుణం కాదనీ, ఒక్కొక్క నిర్ణయానికి ఒక్కొక్క సమయంలో విడిగా చూడవలసిన విషయమనీ నేటి మానసిక వైద్యం చెప్పే సూత్రం ఇందులో అక్షరాలా ఉంది. కాని అది పొలం అమ్మకానికి పనికొచ్చింది, మందుబిళ్ళకు పనికిరాలేదు. తెలివి వచ్చిన పూట తన భూమికి విక్రయ దస్తావేజు రాయగల మనిషి, అదే పూట తనకు ఇవ్వబోయే మందును వద్దనడానికి ఏ చట్టంలోనూ ఆధారం లేకుండా నూటనలభై ఏళ్ళకు పైగా గడిచింది.

మద్రాసు ప్రెసిడెన్సీలో మద్రాసు, కాలికట్‌లతో పాటు వాల్తేరులో వెలసిన శరణాలయం కోస్తా తెలుగు జిల్లాలకు దిక్కయింది. నిజాం రాజ్యంలో జాల్నాలో ఉన్న ఆసుపత్రి 1950 దశకంలో హైదరాబాదు ఎర్రగడ్డకు తరలింది. ఈ రెండు పేర్లూ కాలక్రమేణా తెలుగు సినిమాల్లో, ఇళ్ళల్లో ఎగతాళి మాటలుగా స్థిరపడ్డాయి, ఎర్రగడ్డకు పంపాలి అన్న వేళాకోళంలో పంపబడేవాడి అంగీకారం ప్రస్తావనకైనా రాకపోవడం గమనించదగినది. బ్రిటిష్ ఇండియాలో ఈ సంస్థలను నడిపిన 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం ప్రకారం, వీలైతే భార్య గాని భర్త గాని మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టాలి, దానికి ఇద్దరు వైద్యుల ధ్రువపత్రాలు జతచేయాలి, అప్పుడు ప్రవేశ ఉత్తర్వు వెలువడుతుంది. అర్జీ భార్యది, పత్రం వైద్యుడిది, ఉత్తర్వు మేజిస్ట్రేటుది. అయితే అదే చట్టంలో చిన్న మినహాయింపు ఒకటి ఉంది. తానే చికిత్స కోరి వచ్చినవాడిని ఇద్దరు సందర్శకుల, అంటే ప్రభుత్వం నియమించిన తనిఖీదారుల, అంగీకారంతో బోర్డరుగా చేర్చుకోవచ్చు. వెళ్ళిపోతానని అతను రాసి ఇస్తే 24 గంటలకు మించి ఉంచుకోకూడదు. రోగి సొంత మాటకు చట్టపరమైన విలువ దక్కిన తొలి తావు ఇదే, అదీ తనిఖీదారుల అంగీకారం మీద ఆధారపడి.

1920 దశకంలో శరణాలయం అన్న పేరు పోయి మానసిక చికిత్సాలయం అన్న పేరు వచ్చింది గాని గోడలు అలాగే ఉన్నాయి. స్వాతంత్ర్యానికి ముందు సంవత్సరం వెలువడిన, దేశ ఆరోగ్య వ్యవస్థను సమీక్షించిన భోర్ కమిటీ నివేదిక కోసం కర్నల్ టేలర్ అనే వైద్యుడు దేశంలోని మానసిక ఆసుపత్రులను పరిశీలించి, మొత్తం 19 ఆసుపత్రులలో పదివేలకు కాస్త పైన పడకలు ఉన్నాయనీ, వాటిలో అధికభాగం నయం చేయడానికి గాక నిర్బంధించి ఉంచడానికి కట్టినవేననీ రాశాడు. సరిగ్గా ఆ నివేదిక వెలువడిన దశాబ్దంలోనే కొత్త చికిత్సలు గోడల లోపలికి ప్రవేశించాయి. 1938లో రోములో మొదలైన విద్యుత్ షాక్ చికిత్స, అంటే తల గుండా కొద్దిపాటి కరెంటు పంపి మూర్ఛ తెప్పించి తీవ్రమైన కుంగుబాటు వంటి జబ్బులను తగ్గించే పద్ధతి, 1940లలోనే భారతదేశానికి చేరింది. మత్తుమందు ఇచ్చేవారు తక్కువైన చోట్ల మత్తు లేకుండానే ఇచ్చే అలవాటు దశాబ్దాల పాటు సాగింది. ఆ చికిత్స పనిచేస్తుందా అన్న ప్రశ్నకు అవునన్నదే వైద్యుల సమాధానం, ఇప్పటికీ సరైన రోగికి సరైన పద్ధతిలో ఇస్తే అది మేలు చేస్తుందని వారు చెబుతారు. ఎవరిని అడిగి ఇచ్చారన్నది వేరే ప్రశ్న. అడగదగిన చికిత్స వచ్చిన తరువాత కూడా అడిగే పద్ధతి రాలేదు.

1987లో చట్టమై 1993 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం పాత మాటలను తొలగించి, స్వచ్ఛంద ప్రవేశాన్ని మొదటి స్థానంలో పెట్టింది. దాని 19వ సెక్షన్ మాత్రం, చేరడానికి తన ఇష్టాన్ని తెలపని లేదా తెలపలేని రోగిని బంధువు గాని మిత్రుడు గాని అర్జీ పెడితే 90 రోజుల వరకు చేర్చుకోవచ్చునని చెప్పి, తెలపలేకపోవడాన్ని, తెలపకపోవడాన్ని ఒకే త్రాసులో తూచింది. వద్దన్నవాడికీ, మాట రానివాడికీ తేడా లేకుండా పోయింది. ఆ చట్టం కింద నమోదు కావలసిన అవసరాన్ని పట్టించుకోకుండా దర్గాల చుట్టూ, గుళ్ళ చుట్టూ వెలసిన ఆశ్రయాల సంగతి 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఎర్వాడిలో బయటపడింది, గొలుసులతో కట్టి ఉంచిన 25 మందికి పైగా రోగులు మంటల్లో కాలిపోయారు. సుప్రీం కోర్టు తనంతట తానే ఆ కేసును చేపట్టింది.

సామర్థ్యంలో ఏ లోపమూ లేనివారి పరిస్థితి ఎలా ఉండేదన్నది చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. ఎమర్జెన్సీ నడిచిన 1976–77 సంవత్సరంలో దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి, వాటిలో నిజమైన ఒప్పుదల ఎన్నింటికి ఉందో ఎమర్జెన్సీ అక్రమాలపై విచారణ జరిపిన షా కమిషన్ ముందుకు వచ్చిన సాక్ష్యాలు చెప్పకనే చెప్పాయి. 2002లో భారత వైద్య మండలి తెచ్చిన వృత్తిధర్మ నిబంధనలలో, ఆపరేషన్‌కు ముందు వైద్యుడు లిఖితపూర్వకంగా సమ్మతి తీసుకోవలసినవారి వరుస ఇలా ఉంది: భర్త లేక భార్య, మైనరైతే తల్లిదండ్రులు లేక సంరక్షకుడు, లేదా సందర్భాన్ని బట్టి రోగి స్వయంగా. చరకుడి జాబితాలో చోటు దొరకని రోగికి ఇరవై ఒకటో శతాబ్దంలో చివరి చోటు దొరికింది. 2023లో వచ్చిన కొత్త నిబంధనలను వచ్చిన నెలలోనే పక్కన పెట్టడంతో పాతవే కొనసాగుతున్నాయి.

ఈ వరుసను తిరగవేసిన తీర్పు 2008 జనవరిలో వచ్చింది. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ళ అవివాహిత ఒకరు అధిక రక్తస్రావానికి కారణం తెలుసుకునే పరీక్ష కోసం మత్తులోకి వెళ్ళగా, వైద్యురాలి సహాయకురాలు బయటికి వచ్చి తల్లి చేత సమ్మతి చెప్పించుకున్న మీదట, గర్భసంచి, అండాశయాలు తొలగించారు. పెద్దవయసు వచ్చి, సామర్థ్యం ఉండి, తాత్కాలికంగా మత్తులో మాత్రమే ఉన్న మనిషి తరఫున తల్లి అయినా సరే ఒప్పుకోజాలదనీ, ప్రాణాపాయం లేనప్పుడు ఆమె మేలుకునే దాకా ఆగవలసిందేననీ, పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు చెల్లదనీ ముగ్గురు న్యాయమూర్తుల సుప్రీం కోర్టు ధర్మాసనం చెప్పింది. అయితే రోగికి ఎంత చెప్పాలన్న దగ్గర అమెరికా కోర్టుల కొలమానాన్ని తీసుకోలేదు; ఒక వివేకవంతుడైన రోగి ఏం తెలుసుకోగోరతాడన్నది అక్కడి కొలత కాగా, ఒక సామాన్య నిపుణ వైద్యుడు ఎంత చెబుతాడన్నదే ఇక్కడ చాలునంది. ఇక్కడి రోగుల్లో అత్యధికులు పేదలు, చదువులేనివారు, అన్ని ముప్పులూ ఏకరువు పెడితే అవసరమైన చికిత్సకు కూడా వెనుకాడతారన్నది దానికి చూపిన కారణాల్లో ఒకటి. పరిహారం 25 వేల రూపాయలు. సూత్రం ఎంత ఘనమైనదో, దానికి కట్టిన వెల అంత స్వల్పం.

తీర్పు వెలువడిన మరుసటి ఏడాదే, తెలుగు నేల మీద, ఇతరుల సంతకం ఎంత దూరం పోగలదో తెలిసివచ్చింది. 2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో పది నుంచి పద్నాలుగేళ్ళ బాలికలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకా ఇచ్చే ప్రాజెక్టు మొదలైంది. వీరిలో ఆశ్రమ పాఠశాలల హాస్టళ్ళలో ఉండే గిరిజన బాలికలు చాలామంది. కొందరు బాలికల మరణాల వార్తలతో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును ఆపివేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది, ఆ టీకా నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నదే. కాని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం బయటపెట్టిన వివరాల ప్రకారం, పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాలలో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. మైనరు తరఫున తల్లిదండ్రుల సమ్మతి ఉండాలన్నది పాతకాలపు నియమమే, దాన్నయినా పాటించడానికి మన్యంలోని ఊళ్ళకు వెళ్ళి తల్లిదండ్రులతో కోయభాషలోనో తెలుగులోనో మాట్లాడవలసి ఉండగా, అందుబాటులో ఉన్న ఉద్యోగి కలంతో పని సులువైపోయింది. టీకా మంచిదైతే సమ్మతి లోపం చిన్నదే కదా అన్న వాదన అప్పట్లో గట్టిగానే వినిపించింది. 88వ సెక్షన్ నాటి సద్బుద్ధి వాదం ఇంత కాలానికి కూడా తన పట్టు కోల్పోలేదు.

అదే 2009లో చండీగఢ్ ప్రభుత్వ ఆశ్రయంలో ఉండగా అత్యాచారానికి గురై గర్భవతి అయిన, స్వల్ప బుద్ధిమాంద్యం గల ఒక అనాథ యువతి కేసు సుప్రీం కోర్టుకు వచ్చింది. గర్భాన్ని తొలగించాలని హైకోర్టు ఆదేశించింది. బిడ్డను కంటానని ఆమె అంది. 1971 నాటి గర్భస్రావ చట్టం పెద్దవయసు వచ్చినవారిలో మానసిక రోగుల విషయంలోనే సంరక్షకుల సమ్మతిని అడుగుతుంది గాని బుద్ధిమాంద్యం మానసిక రోగం కాదనీ, ఆమె మాటను తోసిపుచ్చే అధికారం ప్రభుత్వానికి లేదనీ సుప్రీం కోర్టు చెప్పింది. దానికి రెండేళ్ళ ముందే, 2007 అక్టోబరులో, వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారతదేశం ఆమోదించింది, దాని 12వ అధికరణం వికలాంగులందరికీ తక్కినవారితో సమానంగా చట్టపరమైన సామర్థ్యం ఉందంటుంది. 1987 చట్టం దానితో పొసగదని స్పష్టమయ్యాకే కొత్త చట్టానికి కదలిక వచ్చింది.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ఏప్రిల్‌లో ఆమోదం పొంది 2018లో అమలైంది. మానసిక రోగం ఉన్నవారితో సహా ప్రతి వ్యక్తికీ తన చికిత్స గురించి నిర్ణయించుకునే సామర్థ్యం ఉన్నట్టే భావించాలని, అవసరమైన సమాచారాన్ని అర్థం చేసుకోగలగడం, లేదా నిర్ణయం వల్ల ఏమవుతుందో గ్రహించగలగడం, లేదా మాట, సైగ, మరే విధంగానైనా నిర్ణయాన్ని తెలపగలగడం దానికి గుర్తులని నాలుగో సెక్షన్ చెప్పింది. నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రాన సామర్థ్యం లేదనడానికి వీల్లేదని కూడా అందులోనే ఉంది. ఇంగ్లండ్‌లో 2005 నాటి చట్టం అర్థం చేసుకోవడం, గుర్తుంచుకోవడం, తూచి చూడడం, తెలపడం అన్న నాలుగూ ఉండాలంటుంది. భారత చట్టం గుర్తుల మధ్య “లేదా” పెట్టడంతో, తల ఊపగలిగినవాడికల్లా సామర్థ్యం ఉన్నట్టేనా అని మానసిక వైద్యులు ఆక్షేపించారు. వారి ఆక్షేపణ న్యాయమైనదే, ముసాయిదాకారుల అజాగ్రత్తా అది, లేక రోగి పక్షాన తెలిసి చేసిన ఉదారతా అన్నది ఎలా ఉన్నా, ఆచరణలో వైద్యులు మూడింటినీ కలిపే చూస్తున్నారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే తనకు ఏ చికిత్స కావాలో ఏది వద్దో రాసిపెట్టుకునే ముందస్తు ఆదేశం, తన తరఫున నిలబడేవారిని తానే ఎంచుకునే నామనిర్దేశిత ప్రతినిధి, మత్తు లేని షాక్ చికిత్స మీద, గొలుసుల మీద నిషేధం ఈ చట్టంతోనే వచ్చాయి. రోగి వేరొకరిని ఎంచుకుంటే బంధువు తనంతట తాను సంరక్షకుడు అయ్యే రోజులు కాగితం మీద ముగిశాయి. రాత్రంతా మేలుకుని కూర్చునేది, బిల్లు కట్టేది, ఇంటికి తీసుకెళ్ళి మందులు మింగించేది ఆ బంధువే గనుక, చట్టం తమను అనుమానితులను చేసిందని కుటుంబాలు బాధపడడంలో అర్థం లేకపోలేదు.

ఇంతా చేసి ఈ చట్టం పరిధి మానసిక చికిత్స వరకే. స్కిజోఫ్రీనియా ఉన్న మనిషి షాక్ చికిత్సకు ఒప్పుకోగలడా అని తేల్చే పద్ధతి ఉంది గాని, మతిమరుపు ముదిరిన వృద్ధురాలు తుంటి ఎముక ఆపరేషన్‌కు ఒప్పుకోగలదా అని తేల్చే సాధారణ చట్టం భారతదేశంలో లేదు, అక్కడ నడిచేవి పాత శిక్షాస్మృతి నుంచి న్యాయ సంహితలోకి వచ్చిన మినహాయింపులూ, 2002 నాటి వరుసా మాత్రమే. కోమాలో ఉన్నవారికి సంరక్షకులను నియమించడానికి ఏ చట్టమూ సరిపోకపోవడంతో హైకోర్టులు రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద తమ సహజాధికారాన్ని వాడుకుంటున్నాయి. 2019లో కేరళ హైకోర్టు ఇందుకు రూపొందించిన మార్గదర్శకాలు చికిత్స ఖర్చు కోసం రోగి బ్యాంకు ఖాతాను, ఆస్తిని కదిలించలేక కోర్టుకెక్కిన కుటుంబాల కేసుల్లో వచ్చినవి. వాటి ప్రకారం అర్జీదారులు మెడికల్ బోర్డు పరీక్షకు రోగిని చూపించడంతో పాటు, అతని స్థిర చరాస్తుల వివరాలన్నీ అర్జీలో వెల్లడించాలి.